మా హారన్ కేసు

నలభై ఆరేళ్ల వయసులో నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. సూర్యాపేటలో ఇల్లు, చివ్వెంల మండలంలో బడి. పదిహేనేళ్లు బస్సుల్లో, ఆటోల్లో తిరిగి విసిగిపోయి, కారు కొనాల్సిందేనని పట్టుబట్టాను. మా ఆయన వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఆదివారం ఒక్కరోజే ఇంట్లో ఉంటాడు. అందుకని షోరూముకు నాకు తోడు వచ్చింది మా అత్తమ్మ. పెద్దవూర వైపు నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి. మోకాళ్లు మొరాయించాక పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చింది. అక్కడున్న కార్లన్నిటి తలుపులూ తీసి, వేసి, చప్పుడు గట్టిగా ఉన్న తెల్ల కారును ఆమే ఖాయం చేసింది.

ఇంటికొచ్చిన పన్నెండో రోజున ఆ కారు హారన్ దానంతటదే మోగింది. పాత బస్టాండు దగ్గర ఎడమకు తిప్పుతున్నాను. సరిగ్గా అప్పుడే ఎదురుగా ఒక శవయాత్ర వెళ్తోంది. నా చెయ్యి హారన్ మీద లేదు, అయినా అది ఆగకుండా కూస్తూనే ఉంది. డప్పులు కొట్టేవాళ్లు ఆపి మా వైపు చూశారు. పాడె మోస్తున్నవాళ్లు కూడా చూశారు. సిగ్గుతో నాకు స్టీరింగ్ కిందికి దూరిపోవాలనిపించింది. అత్తమ్మ మాత్రం మోకాళ్లు పట్టుకుంటూ కిందికి దిగి, ముందు నడుస్తున్న ఆయనకు దండం పెట్టింది.

"ఏమనుకోకు కొడుకా, మేం కొడతలేం. అదే కొట్టుకుంటున్నది."

ఆయన ఒక్క క్షణం ఆమె ముఖంలోకి, ఇంకో క్షణం కారులోకి చూశాడు. అంత దుఃఖంలోనూ పెదవులు బిగపట్టుకోవడం నాకు కనపడింది. ఇంటికొచ్చాక మేమిద్దరం నవ్వకూడదనుకుంటూనే, కొంగులు నోట్లో కుక్కుకుని కడుపునొప్పి వచ్చేదాకా నవ్వాం.

కంపెనీ వర్క్‌షాపు కోదాడలో ఉంది. మర్నాడు సెలవు పెట్టి అక్కడికి తీసుకెళ్లాను. హారన్ మార్చి ఇచ్చారు. నాలుగు రోజులకు, ప్రార్థన జరుగుతుండగా, బడి ఆవరణలోకి తిప్పుతుంటే మళ్లీ మోగింది. ఈసారి స్విచ్ మార్చారు. తర్వాత స్టీరింగ్ విప్పారు, బిగించారు. వర్క్‌షాపు గేటు దాటి లోపలికి వెళ్లిందంటే చాలు, ఆ కారంత బుద్ధిమంతురాలు ఇంకోటి ఉండదు. అక్కడి సూపర్‌వైజరు ఎడమకు తిప్పేవాడు, కుడికి తిప్పేవాడు, గుంతల్లో ఎగిరించేవాడు. కిక్కురుమనేది కాదు.

"బండి బంగారంలా ఉందండి మేడమ్. మీకు డ్రైవింగ్ కొత్త కదా, మోచెయ్యి తగులుతుందేమో చూసుకోండి" అన్నాడు నాలుగోసారి వెళ్లినప్పుడు.

ఆ మాటతో అత్తమ్మకు కోపం వచ్చింది. తిరుగుదారిలో మునగాల దాటాక చెప్పింది, ఒకప్పుడు మొలకెత్తని పత్తి విత్తనాల మీద కొట్లాడి, కంపెనీవాళ్లను పొలం గట్టు మీదికి రప్పించిన సంగతి. ఆ కొట్లాటలో ఆమె నేర్చుకున్నది ఒకటే.

"కాయితం లేకుంటే మనది గాలిమాట బిడ్డా."

ఆ సాయంత్రమే నా దగ్గరున్న కొత్త నోటుబుక్కు ఒకటి తీసుకుంది. అప్పటినుంచి హారన్ దానంతటదే మోగినప్పుడల్లా ఆమె కారు దిగి, ఎవరు ఉలిక్కిపడ్డారో వాళ్ల దగ్గరికే వెళ్లి సంతకం అడిగేది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేస్త్రీ పెట్టాడు. గొర్రెలు బెదిరి చెట్లల్లో పడితే, వాటిని మళ్లేసుకొచ్చి మరీ వేలిముద్ర వేశాడు ఒక కాపరి. చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబులు మొదట కేకలేశాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, నా చేతులు ఒళ్లో ఉన్నాయని నిర్ధారించుకుని, "విన్నాను" అని ఒక్క ముక్క రాసి పేరు మాత్రం పెట్టకుండా వెళ్లిపోయాడు. అత్తమ్మకు అదీ చాలు. రానురాను కారు మోగకపోతే ఆమెకు ఆ పూట వెలితిగా ఉండేది. మా ఆయన ఆదివారాలు కూరగాయలకు కూడా బైకు మీదే వెళ్లేవాడు. ఆ కారులో ఎక్కితే ఊళ్లో తలెత్తుకోలేనన్నాడు.

కంపెనీకి ఈమెయిళ్లు పెట్టాను. మా సంతృప్తే వాళ్లకు ముఖ్యమని ప్రతిసారీ ఒకే జవాబు, కామా కూడా మారకుండా వచ్చేది. ఏడోసారి వర్క్‌షాపు నుంచి తిరిగొచ్చిన కారు మా వీధి మలుపులోనే మోగాక, వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దామని ఇద్దరం నిశ్చయించుకున్నాం. వకీలు అవసరం లేదని, మన ఫిర్యాదు మనమే రాసుకోవచ్చని స్టాఫ్‌రూములో చెప్పారు. నేను తెలుగు టీచర్ని. రాయడం నాకో లెక్కా అనుకుని ఆరు పేజీలు రాశాను. "హృదయవిదారకమైన ఆ శబ్దం దిక్కులు పిక్కటిల్లగా" అని చదువుతుంటే అత్తమ్మ చెయ్యెత్తి ఆపింది.

"గవన్ని పిల్లలకు చెప్పుకో. ఎన్నడు మోగింది, యాడ మోగింది, ఎవలు ఇన్నరు, గంతే రాయి."

ఆరు పేజీలు ఒకటిన్నర అయ్యాయి. వెనక నోటుబుక్కు నకలు జతచేశాం.

నల్గొండలో వాయిదా రోజున కంపెనీ వకీలు మళ్లీ నా మోచెయ్యి సంగతే ఎత్తాడు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు తెలియకుండా హారన్ నొక్కుతుంటారని వివరంగా చెప్పాడు. బెంచి మీదున్న మేడమ్ అదేమీ వింటున్నట్టు లేదు. మా నోటుబుక్కు నకలు తిరగేస్తోంది. గొర్రెల కాపరి వేలిముద్ర ఉన్న పేజీ దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఆఖరికి కంపెనీ తమ ఇంజనీరును పంపాలని, ఆయనే బండి నడిపి చూడాలని, మేమిద్దరం పక్కన ఉండాలని ఆదేశించింది.

వారం తిరక్కుండా హైదరాబాద్ నుంచి ఇంజనీరు వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయేమో, మర్యాదస్తుడు. సూర్యాపేట నుంచి కోదాడ, అక్కడినుంచి మిర్యాలగూడ వెళ్లి తిరిగి రావాలని అత్తమ్మే దారి నిర్ణయించింది. ఆయన నడుపుతున్నాడు, నేను పక్కన, అత్తమ్మ వెనక నోటుబుక్కుతో. కోదాడ దాకా హారన్ నోరు విప్పలేదు. చుట్టాల ముందు పద్యం చెప్పమంటే గోడకు ముఖం పెట్టుకునే పిల్లలా ఉంది. దేవుడా ఒక్కసారి మోగించు అని లోపల మొక్కుకుంటున్నాను. సొంత కారు చెడిపోవాలని అంతగా మొక్కుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కోదాడలో నీడ చూసి ఆపాం. అత్తమ్మ సద్ది విప్పి ఇంజనీరుకు పెరుగన్నం, మామిడికాయ తొక్కు పెట్టింది. ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుంటూ, బండిలో తేడా ఏమీ కనిపించడం లేదని మొహమాటంగానే చెప్పాడు.

"జర నిమ్మళంగ ఉండు సారూ. ఇంక సగం తొవ్వ ఉన్నది" అంది అత్తమ్మ. పైకి అలా అంది కానీ, కారెక్కేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

హుజూర్‌నగర్ దాటింది. నేరేడుచర్ల దాటింది. ఎండ మండిపోతోంది. మిర్యాలగూడలోకి అడుగుపెడుతుండగా రైసుమిల్లు ముందు వడ్ల ట్రాక్టర్లు కిలోమీటరు పొడుగున ఆగి ఉన్నాయి. డ్రైవర్లు ట్రాలీల కింద తుండుగుడ్డలు పరుచుకుని పడుకున్నారు. ఇంజనీరు వాటి పక్కనుంచి పోదామని స్టీరింగ్ ఎడమకు తిప్పాడు.

హారన్ మోగింది.

మామూలుగా కాదు, ఆర్నెల్ల కూత ఒక్కసారే కూసినట్టు మోగింది. ఇంజనీరు స్టీరింగ్ నడుమ తట్టాడు, గుద్దాడు, బండి ఆపి, చివరికి రెండు చేతులూ పైకెత్తేశాడు. ట్రాలీల కిందనుంచి డ్రైవర్లు ఒక్కొక్కరే లేచి వచ్చారు. పొద్దటినుంచి వరుసలో ఉన్నవాళ్లు, ఎవడో తమను తోసుకుని ముందుకు పోతున్నాడనుకున్నారు. తీరా చూస్తే కారులో ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వుతూ చప్పట్లు కొడుతున్నారు.

ముందుగా వచ్చిన ట్రాక్టరు డ్రైవరు కిటికీలోకి వంగి అడిగాడు. "ఏమైందమ్మా, ఏమన్న శుభవార్తనా?"

"శుభవార్తనే కొడుకా" అంది అత్తమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "గీడ సంతకం పెట్టు."

కానీ మొదటి సంతకం ఇంజనీరుతోనే పెట్టించింది. ఆయనా అప్పటికే నవ్వు ఆపుకోలేక తల స్టీరింగ్‌కు ఆనించి ఉన్నాడు. పెన్ను తీసుకుని పేరు రాసి, కాస్త ఆలోచించి, తన చేతులు రెండూ పైన ఉండగా మోగిందని కూడా కింద రాశాడు. ఆ తర్వాత పదకొండు మంది డ్రైవర్లు, ఏదో పంచుతున్నారనుకున్నట్టు, వరుస కట్టి మరీ పెట్టారు. ఇంజనీరు బ్యాటరీ వైరు పీకేదాకా హారన్ ఆగలేదు.

స్టీరింగ్ కింద వైర్ల కట్ట తయారీలోనే తప్పుగా బిగించారని, ఎండకు వేడెక్కి, మలుపులో ఇనుముకు రాసుకుంటోందని ఆయన ఉన్నదున్నట్టు నివేదిక ఇచ్చాడు. కంపెనీ మరోసారి బాగుచేసిస్తామంది. ఏడుసార్లు చూశాం, చాలన్నాం. తర్వాతి వాయిదాలో వాళ్లే దిగొచ్చి, పాతది తీసుకుని కొత్త కారు ఇస్తామని రాసిచ్చారు. తెల్లది దొరకలేదట, ఇటుక రంగుది వచ్చింది. అత్తమ్మకు అదే నచ్చింది. దుమ్ము కనబడదంది.

కారు తెచ్చుకున్నది ఆదివారం. మా ఆయన అడగకుండానే వెనక సీట్లో కూర్చున్నాడు. నాకు ఒళ్లు గాల్లో తేలిపోతున్నట్టుంది, కారు అద్దాలు దించి హైవే మీద పోనిస్తున్నాను. చాలా దూరం వెళ్లాక, మనం ఇంటికి తిరగాల్సిన మలుపు ఎప్పుడో దాటిపోయిందని మా ఆయన నెమ్మదిగా గుర్తుచేశాడు.

"నేన్ జూసిన" అంది అత్తమ్మ, ముందుకే చూస్తూ. "పోనియ్ బిడ్డా. కోదాడల చాయ్ తాగొద్దాం."