ఎల్లయ్య కొలిచిన వాన

దయ్యాలూ భూతాలూ అంటే నేను నవ్వేవాణ్ణి. శ్మశానం పక్క నుంచి ఈల వేసుకుంటూ సైకిల్ తొక్కినవాణ్ణి. ఇది దయ్యం సంగతి అని ఇప్పుడూ అనను. ఏమనాలో తెలియక రాస్తున్నాను.

సాయుధ పోరాటం రోజుల్లో జనగామ దగ్గర ఒక చిన్న సర్కారు కచేరీలో గుమస్తాగా ఉండేవాణ్ణి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. వాన రిజిస్టరు నా బాధ్యత. ఆవరణలో వాన నీళ్ళు పట్టే డబ్బా ఒకటి ఉండేది. రోజూ పొద్దున ఎనిమిదింటికి చప్రాసి ఎల్లయ్య ఆ నీళ్ళను గీతలున్న గాజు గ్లాసులో పోసి కొలిచేవాడు. అతనికి చదువు రాదు. ఇంచుకు ఒక నిలువు గీత, అర ఇంచుకు సగం గీత, బొగ్గుతో గోడ మీద గీసేవాడు. నేను తీరిగ్గా వచ్చి రాసుకునేవాణ్ణి.

ఎండాకాలంలో అదీ లేదు. ఎట్లాగూ పడదు కదా అని ఒకటో తారీఖునే నెలంతటికీ సున్నలు పెట్టేసేవాణ్ణి. నా ముందున్న గుమస్తా నేర్పిన తెలివి అది.

ఒక వేసవిలో మూడు రోజులు మానుకోటలో అత్తగారింటికి పోయాను. అక్కడ చుక్క పడలేదు. తిరిగి రాగానే ఎల్లయ్య ఎదురొచ్చాడు.

"సారూ, మొన్న పొద్దుగాల గాలివాన కొట్టింది. ఇంచున్నర కొలిచిన. గోడ మీద గీసిన, బుక్కుల రాసుకోండ్రి."

"రాస్తలే ఎల్లన్నా" అన్నాను. రాయలేదు. బద్ధకం, అంతే.

రెండు రోజులకు పోలీసు క్యాంపు వాళ్ళు లారీలో దిగారు. ఆ వాన పడ్డ పొద్దున ఎల్లయ్య దూరంగా అడవిలో దళానికి అన్నం మోస్తుంటే చూశామని ఎవరో చెప్పారట.

"నేను గీడనే ఉన్న. వాన కొలిచిన. సారు బుక్కుల ఉన్నది, చూడుండ్రి" అన్నాడు ఎల్లయ్య, ధీమాగా.

అధికారి రిజిస్టరు తెరిచాడు. ఆ తారీఖు ఎదురుగా నా సున్న. గోడ మీద గీతలు ఎవడైనా గీయొచ్చన్నాడు. ఊరివాళ్ళ మాట వినే రోజులు కావవి, రాతే సాక్ష్యం. నా వైపు చూశాడు. ముందే రాసి పెట్టానని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది, నన్నూ లారీ ఎక్కిస్తారేమో. తల దించుకున్నాను.

ఎల్లయ్య నా వైపు తిరిగాడు. "జర బుక్కుల సరిగ రాయుండ్రి సారూ" అని లారీ ఎక్కాడు. మళ్ళీ రాలేదు. అతని భార్య నెల రోజులు కచేరీ మెట్ల మీద కూర్చుంది. నేను వెనక తలుపు నుంచి పోయేవాణ్ణి.

దిద్దితే నా తప్పు బయటపడుతుందని దిద్దలేదు. రిజిస్టరు పైకి పంపిన రోజు ఆ పేజీ చూశాను. సున్న ఒక్కటే ఉంది. ఇది ఒట్టేసి చెప్తాను.

అది జరిగి అరవై ఏళ్ళు దాటాక నా మనవరాలు పాత వాన లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో చేరింది. భూమి వేడెక్కడం గురించి పరిశోధించే వాళ్ళకు అవి కావాలట. ఆనాటి గాలి ఒత్తిడి కొలతలను బట్టి, మా రిజిస్టరు చూడకుండానే, ఏ రోజు ఎక్కడ వాన పడి ఉండాలో కంప్యూటర్ లెక్క కడుతుందట.

"తాతా, ఈ తారీఖు నాడు మీ దిక్కు గట్టివాన అని వస్తున్నది. నీ బుక్కుల సున్న ఉన్నది. మరి పక్కన గీ గీతలేంది?" అని పేజీ ఫొటో చూపించింది.

ఒక నిలువు గీత. పక్కన సగం గీత.

నమ్మలేక, అసలు రిజిస్టరు ఉన్న చోటికి తీసుకుపొమ్మన్నాను. పగలు పదకొండింటికి, కిటికీ పక్కన, కళ్ళజోడు తుడుచుకుని చూశాను. తాకితే నా వేలికి బొగ్గు అంటింది. ఈ ఫొటోల కోసమే ఆ రిజిస్టర్ల కట్టను మొదటిసారి విప్పామని అక్కడి ఉద్యోగి చెప్పాడు. ఎవరో తర్వాత గీశారనుకుందామన్నా, ఆ లెక్క ఇంకెవరికి గుర్తు?

మనవరాలికి అంతా చెప్పాను.

"ఏం రాయమంటవు తాతా?"

"ఇంచున్నర" అన్నాను. నేను పెట్టిన సున్న అబద్ధమని కాగితం రాసి సంతకం చేశాను. చేస్తుంటే ఏడుపొచ్చింది. ఆ మాట ఆ రోజే అని ఉంటే ఎల్లయ్య ఇంటికి పోయేవాడు.

ఆ గీతలు ఎట్లా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. సున్న ఎట్లా వచ్చిందో తెలుసు.