లింబయ్య కారు చావి

బోధన్ లింబయ్య తేరిపార చూస్తే కారు అద్దం పగులుతుంది. ఇది ఊరంతా ఎరిగిన సంగతి. సరే, ఊరంతా కాదు. మొదటి గీత పెట్టింది చెరకు లారీ చక్రం కింద నుంచి ఎగిరిన రాయే. కానీ ఆ గీత అంచుదాకా పాకింది మాత్రం లింబయ్య కారు దిగి దాన్ని అనుమానంగా చూశాకే. అంతవరకైనా ఒప్పుకోవాలి.

లింబయ్యకు ఉన్నవి ఒక కిరాయి కారు, ఒక్కగానొక్క కూతురు వర్ష. రెండింటికీ ఒకటే కాపలా. కారు చావి అతని మొలతాడుకు వేలాడుతుంది. స్నానం చేసినా దిగదు. పాలవాడు గబగబా పోస్తే కొలత తప్పించాడని, నెమ్మదిగా పోస్తే నీళ్ళు కలిపాడని అతని అనుమానం.

అలాంటి మనిషి ఇంటికి సంబంధం వచ్చింది. పిల్లవాడు మహేందర్, నిజామాబాద్‌లో కార్ల అద్దాలు బిగిస్తాడు. ఆరా తీస్తే అందరూ మంచివాడనే అన్నారు. ఒక్కరూ వంక పెట్టకపోవడంతో లింబయ్యకు నిద్ర పట్టలేదు.

"అందరికి చాయ్ తాగిచ్చి చెప్పిచ్చినట్టున్నడు," అన్నాడు భార్యతో.

పెళ్ళిచూపులు ఇంకా కాలేదు, మొహాలు తెలియవు. పగిలిన అద్దం కలిసొచ్చింది. ఎవరో గిరాకీలా వెళ్ళి చూడాలి. పని నిజాయితీగా చేస్తే పిల్లనివ్వడం, లేకపోతే ఆ మాట అక్కడితో సరి.

దుకాణం ముందు ఆగేసరికి తుంపర పడుతోంది, వైపర్లు ఆడుతున్నాయి. అవి అద్దం మధ్య నిటారుగా లేచినప్పుడు లింబయ్య చావి తిప్పి ఆపేశాడు. నిలబడి ఉంటే విప్పడం సులువని అతని లెక్క. ఎవరూ మార్చేయకుండా రెండింటినీ కాడలతో సహా తానే విప్పి, తువ్వాలలో చుట్టి చంకన పెట్టుకున్నాడు. చావి మళ్ళీ మొలతాడుకెక్కింది.

మహేందర్ ఏదో అడగబోయి నోరు మూసుకున్నాడు. అది లింబయ్య కంట పడనే పడింది.

కొత్త అద్దం కూర్చుంది. జిగురు ఆరేలోపు చాయ్ వచ్చింది.

"చాయ్ ఎందుకు? ఏం దాస్తున్నవ్?"

"ఏం లేదు కాకా, తాగుండ్రి."

లింబయ్య వాసన చూసి పక్కన పెట్టాడు.

జిగురు ఆరాక తువ్వాల విప్పి వైపర్లిచ్చాడు. మహేందర్ వాటిని అద్దం కింది అంచున పడుకోబెట్టి నట్లు బిగించాడు. లింబయ్య ఎక్కి చావి తిప్పాడు. వైపర్ల స్విచ్ తుంపరప్పటి నుంచి వేసే ఉంది. అంతే, వైపర్లు పైకి లేవకుండా కిందికి దూకి, బానెట్‌ను గరగరా గీరి, ఒకదానికొకటి చిక్కుకున్నాయి.

"వైపర్ మోటారు మార్చినవ్ గదరా, దొంగ!"

"నేను మార్చలే మామా! మోటారు నడిమిట్ల ఆగి ఉండె."

లింబయ్య చెయ్యి చావి మీదే ఆగిపోయింది. "మామనా? నేనెవలో నీకెట్ల ఎర్క?"

మహేందర్ తల గోక్కున్నాడు. "వర్ష ఫోన్ చేసింది. బాపు గిరాకీ లెక్క వస్తడు, ఏమన్న అడుగు గని చావి మాత్రం అడగకు, సంబంధం చెడుతది అన్నది. వైపర్ బిగించేముందు చావి తిప్పి మోటారును దాని జాగకు రానియ్యాలె. రోజు గట్లనే చేస్త. ఇయ్యాల భయపడ్డ."

"మామకు భయపడి పని చెడగొట్టెటోడివి, నా బిడ్డనేం సూస్తవ్?" అంటూ లింబయ్య చావి పీకి మళ్ళీ మొలతాడుకు కట్టేశాడు.

మహేందర్ చెయ్యి చాచాడు. "ఇప్పుడు అడుగుతున్న. సంబంధం ఉంటే ఉంటది, పోతే పోతది. చావి ఇయ్యుండ్రి."

లింబయ్య ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత కారు దిగి, గోడ వైపు తిరిగి, మొలతాడు ముడి విప్పాడు.

మహేందర్ వైపర్లు తీసేసి, ఉత్త మోటారును తిప్పి, స్విచ్ ఆపాడు. అది తన జాగకు వచ్చి ఆగింది. అప్పుడు పొడుగుది డ్రైవరు వైపు, పొట్టిది అటువైపు, అద్దం అంచు వెంట పెట్టి బిగించాడు. చెంబెడు నీళ్ళు చల్లి స్విచ్ వేస్తే, రెండూ తగలకుండా లేచి, తగలకుండా పడుకున్నాయి. లింబయ్య వంగి, కనురెప్ప వేయకుండా చూశాడు.

ఆ చూపుకు కూడా కొత్త అద్దం పగల్లేదు.

"ఐతారం మీ బాపును తోల్కొని రా," అన్నాడు చావి లాక్కుంటూ. చల్లారిన చాయ్ తాగాడు.

పెళ్ళయి ఏడాదయింది. బోధన్ ఆటోస్టాండులో ఎవరైనా ఈ కథ ఎత్తితే లింబయ్య మొలతాడు తడుముకుంటాడు.

"అంత అబద్ధం. ఆ దినం నేను నిజామాబాదే పోలే. అద్దం పగల్నే లేదు. నా చావి నేను ఎవ్వలకియ్యలే."