సారు రాసిన చీర బేరం

మా తెలుగు సారు పోయారు. భువనగిరి నుంచి వచ్చిన బంధువొకాయన భోజనం మధ్యలో ఆ మాట చెప్పి, "నవ్వులాయన గదా, పాపం" అన్నాడు. నేను కంచం ముందు నుంచి లేచాను. సారు పోయారన్న బాధ ఎంతో, "నవ్వులాయన" అన్నందుకు కోపమూ అంతే.

సారు పోచంపల్లి నేత ఇంటి బిడ్డ. భువనగిరి బడిలో మాకు పాఠం చెప్పేవారు. పాఠం తొందరగా అయిపోతే, తాను రాసిన 'చీర బేరం' అనే కథ చదివి వినిపించేవారు. అందులో ఒక భర్త భార్యకు చీర కొనడానికి దుకాణానికి పోతాడు. పరుపు మీద కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు. తాగిన పాపానికి కొనకుండా లేవలేడు. అతని ముందు చీరల గుట్ట పెరిగి పెరిగి సేటు మొహం కనబడకుండా పోతుంది. "ఆమె తెల్లగుంటదా, చామనచాయా?" అని గుట్ట అవతలి నుంచి సేటు అడుగుతాడు. పదేళ్లు కాపురం చేసినవాడికి ఆ సంగతి గుర్తురాదు! చెమటలు పడతాయి. మేం పొట్టలు పట్టుకునేవాళ్లం. సారు మాత్రం నవ్వేవారు కాదు.

"నవ్వించెటోడు ముందుగాల తననే బండకేసి ఉతుక్కోవాలెరా" అనేవారు. సేటును ఆయన ఎక్కడా తిట్టలేదు. గద్దె మీద రాజు కొలువు తీరినట్టు వర్ణించి, చేతిలోని గజం బద్దను రాజదండం చేశారు. ఎందుకు సార్ అని అడిగితే, "చిన్న సంగతికి పెద్ద మాట తొడుగు. వదులుగుంటెనే నవ్వొస్తది" అన్నారు. ఇంకోమాట కూడా చెప్పేవారు. "పది అబద్ధాల నడుమ ఒక్క నిజం పెట్టు. అది గుచ్చుకోవాలె."

ఆ నిజం చివర్లో ఉండేది. సేటు ఆఖరుకు ఒక పోచంపల్లి చీర విప్పుతాడు. అంచులో ఒకచోట తప్పిన పువ్వును చూసి ఆ భర్త గుర్తుపడతాడు. అది వాళ్ల బాపు నేసిన చీర. నూలు చుట్టింది వాళ్లమ్మ. అలాంటి చీర ఆమె ఒంటి మీదికి ఎన్నడూ రాలేదు. ధర వింటే కొనేటట్టు లేదు. "సేటూ, ఒక్క పూటకియ్యి. మా అమ్మ కట్టుకొని చూసి మల్ల ఇస్తది" అంటాడు. సేటు అది హాస్యమనుకొని పగలబడి నవ్వుతాడు. అక్కడితో అయిపోతుంది. అక్కడ మాలో ఒక్కడూ నవ్వేవాడు కాదు.

కోస్తా వైపు పత్రిక ఒకటి ఆ కథను వేసుకుంది. భువనగిరి సేటు నోట్లో కోస్తా మాటలు పెట్టింది. చివరి ముక్క కోసేసి, చెమటలు పట్టిన దగ్గరే ఆపేసింది. హాస్యంలో ఏడుపు ఎందుకనుకున్నారు కాబోలు. ఊరంతా చదివి నవ్వింది. సారు ఏ దుకాణం ముందు నుంచి పోయినా "సారూ, మీ ఆమె తెలుపేనా?" అని పిలిచేవారు. ఆయన తల వంచుకొని పోయేవారు. ఆ తర్వాత కలం పట్టలేదు. ఆ పత్రికవాళ్లు కథ తల తీసి పాతరేసి, మొండేనికి దండ వేసినట్టు చేశారు. 

బడిలో సంతాప సభ పెడితే పోయాను. పెద్దసారు లేచి, "ఆయనను నవ్వుతూనే సాగనంపుదాం" అని ఆ అచ్చు కాగితాలే చదివారు. సభంతా ఘొల్లుమంది. ముందు వరుసలో సారు తల్లి కూర్చొని ఉంది, కొడుకును మట్టి చేసి వచ్చిన మనిషి. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక మొహాలు చూస్తోంది.

సభ అయ్యాక ఆమె పక్కన కూర్చున్నాను. "అమ్మా, మీ కొడుకు రాసింది అంతే కాదు" అని ఆ చివరి ముక్క చెప్పాను. తప్పిన పువ్వు మాట రాగానే, "గా చీర నేసిన నాడు మా ఆయనకు జొరముండె" అంది.  సేటును చీర ఒక్క పూటకు అడిగిన మాట కూడా చెప్పాను.

ఆమె నా వైపు తిరిగింది.

"ఇచ్చిండా మరి?" అని అడిగింది.