లారీకి కప్పిన బొంత

ఇటు రా అమ్మా, ఆ కిటికీ దగ్గర కాదు, నా పక్కన కూర్చో. కాలు ఊపకు. టీవీ వైపు ఒక చెవి, నా వైపు ఒక చెవి పెడితే నేను చెప్పను. మీ టీచరు ఇంట్లో పెద్దవాళ్ల చిన్ననాటి సంగతి ఒకటి రాసుకు రమ్మంది కదా, రాసుకో మరి. ఒత్తులు చూసి రాయి. అర్థం కాకపోతే ఆపి అడుగు, నీ సొంతంగా మాత్రం ఏమీ కలపకు.

నా చిన్నప్పుడు, అంటే సరిగ్గా నీ అంత ఉన్నప్పుడు, మా పక్కింటి సాయిబు మావయ్యకి ఒక లారీ ఉండేది. ఆయన మాకు చుట్టం కాదు. మా అమ్మని చెల్లెమ్మా అని పిలిచేవాడు కాబట్టి నాకు మావయ్య అయ్యాడు, మా నాన్నకి బావమరిది అయ్యాడు. ఊళ్లో పండిన మిరపకాయలూ పత్తీ ఆ లారీ ఎక్కే గుంటూరు వెళ్లేవి. బస్తాలు దించి వచ్చిన రోజున నాకు కాగితంలో చుట్టిన బూందీ తెచ్చేవాడు. అందులోనూ మిరపకాయ ఘాటే ఉండేది, తింటూ తుమ్మేదాన్ని.

ఇప్పటి లారీల్లాంటిది కాదు అది. ముక్కు ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. ఇంజను ముసలిది, బ్యాటరీ అంతకంటే ముసలిది. ఎండాకాలమంతా బాగానే తిరిగేది. మార్గశిరం వచ్చి చేల మీద మంచు దిగడం మొదలైందా, పొద్దున్నే లేవనని మొండికేసేది. డీజిలు బండి కదా, ఇంజనులో కాస్తయినా వేడి లేకపోతే అంటుకోదు. మనదేమీ చలిదేశం కాదనుకో, అయినా ఆ ముసలిదానికి మన చలే ఎక్కువ.

అందుకని మావయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. సాయంత్రం వచ్చి, మా రెండిళ్ల మధ్య ఖాళీ స్థలంలో బండి మూతి తూర్పుకి పెట్టి ఆపేవాడు. పొద్దున్నే ఎండ ముందు ఇంజను మీద పడాలని. ఇంజను ఇంకా కాలుతుండగానే ముందు వైపు గోనెసంచులు కట్టి, పైన బొంత కప్పేవాడు. మావయ్య భార్య, మా అత్తయ్య, తన పాత చీరలు పొరలు పొరలుగా వేసి, ఆ లారీ కోసమే కుట్టిన బొంత అది. దాని అంచులు సందుల్లోకి దోపి, పసిబిడ్డని చుట్టినట్టు చుట్టేవాడు. తెల్లవారుజామున ఆ బొంత కింద చెయ్యి పెడితే ఇంకా గోరువెచ్చగా తగిలేది. అప్పుడు రేడియేటరులో చల్లనీళ్లు వదిలేసి, కాగులో కాచిన వేణ్నీళ్లు పోసి, ముందు హ్యాండిల్ పెట్టి నాలుగు తిప్పులు తిప్పితే లేచి కూర్చునేది.

మా ఆడవాళ్లకి అదంతా నవ్వులాటగా ఉండేది. “నాకు చలేస్తోందంటే అటు తిరిగి పడుకుంటాడు వదినా, దీనికి మాత్రం జోలపాట ఒక్కటే తక్కువ” అనేది అత్తయ్య.

మా అమ్మ గోడ మీంచి తొంగి చూసి, “అన్నయ్యా, చెవులకి గుడ్డ కట్టడం మర్చిపోయావు, పాపం జలుబు చేస్తుంది” అనేది.

“నవ్వండి నవ్వండి. పొద్దున్నే మీ ఇద్దరూ వచ్చి తోస్తామంటే బొంత ఇప్పుడే తీసేస్తా” అనేవాడు ఆయన.

ఆ మాటలు విని నేనూ పడీ పడీ నవ్వేదాన్ని. లారీకి బొంత కప్పడం మావయ్య ముచ్చటే గానీ, దాని వల్ల ఒరిగేదేమీ లేదని నా బుర్రలో పడిపోయింది. అదీ నా ఖర్మ.

ఆ చలికాలంలోనే నాకు తమ్ముడు పుట్టాడు. ఆ తమ్ముడే మీ చిన్నతాతయ్య. ఇంట్లోనే పురుడు పోశారు. నాలుగో రోజుకి అమ్మకి ఒళ్లు కాలిపోవడం మొదలైంది. బాలింతకి కాస్త జ్వరం మామూలేనని మంత్రసాని కషాయం ఇచ్చింది. మర్నాటి సాయంత్రానికి మంచం కోళ్లు చప్పుడు చేసేటంత వణుకు పట్టుకుంది. నాన్న భయపడి మావయ్యని పిలిచాడు. ఇక గుంటూరు బ్రాడీపేటలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే అనుకున్నారు. అప్పటికప్పుడు బయలుదేరడానికి లారీకి ముందు దీపాలు సరిగ్గా లేవు, దారిలో వాగు దాటాలి. ఊరికి వచ్చే ఒక్క బస్సూ పొద్దెక్కితే గానీ రాదు.

“నువ్వు నిబ్బరంగా ఉండు బావా. కోడి కూసేసరికి బండి మీ గుమ్మం ముందు ఉంటుంది” అన్నాడు మావయ్య. వెళ్లి, గోనెసంచులు కట్టి, రోజూ కంటే గట్టిగా బొంత దోపి, పెందలాడే పడుకున్నాడు.

దీపాలు పెట్టి చాలాసేపైంది. నాన్న మంత్రసానిని తీసుకురావడానికి వెళ్లాడు. అత్తయ్య మా వంటింట్లో తమ్ముడికి పాలు కాస్తోంది. నేను అమ్మ పక్కన ఉన్నాను. ఇంట్లో ఉన్న దుప్పట్లు రెండూ అమ్మ మీదే ఉన్నాయి. అయినా పళ్లు టకటకా కొట్టుకుంటూ “చలే తల్లీ, చలే” అంటోంది. నాకు ఏడుపొచ్చింది. గుమ్మంలోంచి చూస్తే ఎదురుగా లారీ, దాని మీద అంత మందాన బొంత. ఇనుముకి చలేం తెలుస్తుంది, మా అమ్మ చూడు ఎలా వణుకుతోందో అనుకున్నాను.

వెళ్లి లాగేశాను. నాకంటే బరువు అది. ఈడ్చుకుంటూ తెచ్చి, దుప్పట్లు తీసి ముందు అమ్మ ఒంటికి ఆనేటట్టు బొంత కప్పి, దాని మీద మళ్లీ దుప్పట్లు పరిచాను. అందుకే ఆ తర్వాత వచ్చినవాళ్లెవరికీ అది కనబడలేదు. ఇంజను వేడంతా పీల్చుకుని ఉంది కదా, పొయ్యి దగ్గర కాచినట్టు వెచ్చగా ఉంది. డీజిలు వాసన. అమ్మ కళ్లు తెరిచి, “ఎంత వెచ్చగా ఉందే బంగారం” అంది. నా చెయ్యి తీసుకుని బుగ్గ కింద పెట్టుకుంది. కాసేపటికి వణుకు తగ్గింది. నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. పెద్దవాళ్లకి చేతకానిది నేను చేశాననుకున్నాను. అలాగే నిద్రపోయాను.

రాస్తున్నావా? ఏడవకు, కాగితం తడిసిపోతుంది. ముందుకు రాయి.

మెలకువ వచ్చేసరికి ఇంకా వెలుతురు రాలేదు. బయట మనుషుల కేకలు. అమ్మ పిలిస్తే పలకడం లేదు, మూలుగు మాత్రం వినబడుతోంది. బయట మావయ్య హ్యాండిల్ తిప్పుతున్నాడు, కప్పిన బొంత ఏమైందో వెతికే తీరిక కూడా లేదు ఆయనకి. వేణ్నీళ్లు రెండు కాగులు పోశారట. ఇంజను ఖళ్లుమని ఒక దగ్గు దగ్గి ఊరుకుంటోంది. ఒక్క దగ్గూ లేకపోతే ఎడ్లబండి కట్టుకుని బయలుదేరేవాళ్లేమో. అది దగ్గుతూ దగ్గుతూ అందరికీ ఆశ పెట్టింది. ఇదిగో లేస్తోంది, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని అక్కడే ఉండిపోయారు. పది మంది వెనక నించి తోశారు. మా ఎడ్లని తెచ్చి ముందు కట్టి లాగించారు. మంచుకి నేల జారిపోతోంది.

“బిగుసుకుపోయింది బావా, ఒట్టి ఇనుప ముద్దలా ఉంది” అన్న మావయ్య మాట నా చెవిన పడింది. అప్పుడు తెలిసింది నాకు.

నేనేం చేశానో తెలుసా? లోపలికి పరిగెత్తాను. అమ్మ మీద నించి దుప్పట్లు తోసి, ఆ బొంత లాగేసుకున్నాను. అమ్మ జ్వరంతో అది కాలిపోతోంది. ఆ వేడి ఇంజనుకి పెడితే లేస్తుందనుకున్నాను. తీసుకెళ్లి, కాలి వేళ్ల మీద లేచి, దాని మూతి మీదకి విసరబోయాను. అందరూ వెనక ఉన్నారు, ముందు మావయ్య ఒక్కడే. బొంత ఆయన చేతుల్లో పడింది. ఆ చలిలో అంత వెచ్చగా ఉన్న బొంతని పట్టుకుని, నా మొహంలోకి చూశాడు. అంతా తెలిసిపోయింది ఆయనకి. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను.

ఆయన వంగి నా చెవిలో, “బొంతకి సొంత వేడి ఉండదే పిచ్చితల్లీ. ఉన్న వేడిని పోకుండా పట్టుకుంటుంది, అంతే” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. “అమ్మకి చలేస్తే కూతురు కప్పదూ? ఇది నువ్వెక్కడా అనకు.” బొంత మడిచి క్యాబిన్‌లో సీటు కింద పడేశాడు.

వెనక నించి నాన్న అరిచాడు. “రాత్రి బొంత కప్పలేదా నువ్వు?”

మావయ్య హ్యాండిల్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. “మర్చిపోయాను బావా” అన్నాడు.

పొద్దెక్కి ఎండ ఇంజను మీద పడ్డాక లేచింది ఆ లారీ. అమ్మని బస్తాల మీద పడుకోబెట్టి తీసుకెళ్లారు. నన్ను ఎక్కించుకోలేదు. వాగు దాటాక కొంత దూరం వెళ్లేసరికే వెనక్కి తిప్పుకొచ్చేశారు.

ముందు రోజు వెళ్లి ఉంటే ఏమయ్యేదో, తెల్లారుతూనే వెళ్లినా ఏమయ్యేదో ఎవరు చెబుతారమ్మా. ఊళ్లో మాత్రం ఆ నేరం ఎవరిదో ఒకరిది కావాలి. అప్పటికే ఇద్దరు ముగ్గురు పసివాడి వైపు చూసి, పుట్టగానే తల్లిని మింగాడని సన్నగా మొదలుపెట్టారు. మావయ్య మాట బయటికి వచ్చాక ఆ నోళ్లన్నీ ఆయన మీదకి తిరిగాయి. నామీద పడాల్సింది, నా తమ్ముడి మీద పడాల్సింది, రెండూ ఆయన నెత్తిన వేసుకున్నాడు. నాన్న మా రెండిళ్ల మధ్య కంపతో దడి కట్టేశాడు. అత్తయ్య కూడా నమ్మింది, తోబుట్టువులాంటి మనిషి విషయంలో ఎలా మర్చిపోయావని మొగుణ్ణి ఎన్నేళ్లు సాధించిందో. మర్చిపోయే డ్రైవరని రైతులు బస్తాలు వెయ్యడం మానేశారు. రెండేళ్లకి లారీ అమ్మేసి, చీమకుర్తి వైపు రాళ్ల లారీలకి కూలి డ్రైవరుగా వెళ్లిపోయాడు. వెళ్లేరోజు దడి సందులోంచి చూస్తూ నిలబడ్డాను. నోరు తెరవలేదు.

చిన్నపిల్లవి కదా అంటావు. అప్పుడు చిన్నదాన్నే. తర్వాత పెద్దదాన్ని అయ్యాను కదా, అప్పుడేమైంది?

మీ అమ్మ పెళ్లికి గుంటూరులో ఎస్టీడీ బూతుకి వెళ్లి, తెలిసినవాళ్ల ద్వారా ఆయనకి కబురు పెట్టాను. నాన్న అప్పటికి లేడు. వస్తాడనుకోలేదు, వచ్చాడు. గడ్డం అంతా తెల్లబడింది. రాళ్ల దుమ్ము పీల్చి పీల్చి ఆయాసం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో చిన్న స్టీలు బిందె కాగితంలో చుట్టి తెచ్చాడు. పందిరి దగ్గర నా తమ్ముడు ఎదురెళ్లాడు. వాడు చెడ్డవాడు కాదమ్మా, వాడికి తెలిసింది అంతే. తల్లి మొహం ఎరగని పిల్లాడు. “మా అమ్మని చంపినవాడివి, ఏ మొహం పెట్టుకుని వచ్చావు? ఈ పందిట్లో అడుగు పెట్టావంటే బాగుండదు” అన్నాడు, అందరూ వింటుండగా.

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. చేతిలో గంధం గిన్నె. ఒక్క మాట చాలు. నోటి దాకా వచ్చింది కూడా. ఆయన వాడి భుజం మీంచి నన్ను చూశాడు. చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఎంత కొంచెం ఊపాడంటే ఇంకెవరికీ తెలియదు. నా కూతురి పెళ్లి చెడకూడదని. నేనూ దాన్నే సాకు చేసుకున్నాను. బిందె అక్కడ కుర్చీలో పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మరుసటి ఏడు పోయాడని తెలిసింది. చీమకుర్తి వెళ్లి అత్తయ్య కాళ్లు పట్టుకుని చెప్పాను. “ఒక్కసారైనా నాకు చెప్పలేదే మనిషి. నలభై ఏళ్లు తిట్టానే” అని గోడకి చేరగిలబడిపోయింది.

ఇంతకాలం నేను మోస్తున్నది అదే. మా అమ్మ నా చెయ్యి బుగ్గ కింద పెట్టుకోవడం ఒకటి, “మర్చిపోయాను బావా” అన్న మాట ఒకటి. రెండూ ఒకే పూట నాకు దొరికాయి. ఒకదాన్ని తలుచుకుంటే రెండోది వెంటే వస్తుంది. ఒక్క మనిషికి మాత్రం ఇంకా చెప్పలేదు. నా తమ్ముడికి. వాడు ఊరి నించి వచ్చినప్పుడల్లా, నిన్న వచ్చినప్పుడూ అంతే, రేపు చెబుదాం అనుకుంటాను. అక్కే నాకు అమ్మ అంటాడు అందరితో. ఆ మాట పోగొట్టుకోవాలంటే భయమమ్మా, మరేం లేదు. ఇవాళ నువ్వు పుస్తకం పట్టుకుని కూర్చున్నావు కాబట్టి ఇంతవరకూ చెప్పగలిగాను. ఇక దాచను. నేనే వెళ్లి వాడి పక్కన కూర్చుని, ఒరేయ్ తమ్ముడూ, ఆ రోజు సాయిబు మావయ్య మర్చిపోలేదురా, ఆ బొంత తీసింది...

“అక్కా! వడ్డించేశారు, అన్నానికి రా. నువ్వు వచ్చి కూర్చుంటే గానీ నేను ముద్ద ముట్టను.”