నలభై మూడో టోకెన్ కాడ ఆగిన స్క్రీన్

నేను చేసే ఉద్యోగం ఏందో హైదరాబాద్ పాతబస్తీల మా జహనుమాల ఎవ్వరికీ సక్కగ తెల్వదు. కంప్యూటర్‌కు డ్రైవర్లు రాస్తనని ఒకసారి చెప్పిన, అదే తప్పైంది. అప్పటి సంది ఎదురింటి చాచా కనపడ్డప్పుడల్లా ఏ బండి తోలుతున్నవని అడుగుతడు: "కౌన్సీ గాడీ చలారే బేటా?" మొదట్ల ఓపికగ వివరం చెప్పేటోన్ని. ఇప్పుడు చిన్న బండే అన్నట్టు "ఛోటీ గాడీ చాచా" అని ముంగటికి పోతున్న.

అసలు పని ఇది. కంప్యూటర్ల తయారైన బొమ్మను స్క్రీన్ మీదికి తెచ్చే ప్రోగ్రాం రాస్త. దాన్ని డిస్‌ప్లే డ్రైవర్ అంటరు. ప్రతి బొమ్మకు అది మెమరీల కొంత జాగ పట్టుకుంటది. బొమ్మతోటి పని అయిపోంగనే ఆ జాగ వదిలెయ్యాలె. వదలకుంట పట్టుకుంటనే పోతే ఒకరోజు కొత్త బొమ్మకు జాగ దొరకదు, ఉన్న బొమ్మ కదలదు. పట్టుకునుడు ఎవనికైనా వస్తది, వదులుడుల్నే తెలివంత ఉన్నది. కొత్తగ చేరినోళ్లను కూసోపెట్టి ఈ ముచ్చట గంటసేపు చెప్పేటోన్ని. వాళ్లు రాసుకునేటోళ్లు. నాకు మస్తు మంచిగ అనిపిస్తుండె.

మా కంపెనీ దవఖానల్లో టోకెన్ నంబర్ చూపించే స్క్రీన్లకు చిన్న కంప్యూటర్ బోర్డులు చేస్తది. ఒకసారి ఏదో చిన్న ఊరి దవఖాన నుంచి టెక్నీషియన్ ఫోన్ చేసిండు.

"సార్, స్క్రీన్ నలభై మూడు కాడ ఆగిపోయింది. పొద్దుగాల నుంచి వచ్చినోళ్లంత నేనే నలభై మూడంటే నేనే నలభై మూడని డాక్టర్ రూములకు జొరబడ్తున్నరు. నలభై నాలుగో నంబర్ ముసలాయన ఇంత దాకా కుర్చీల కెల్లి లేవలే. ఆయనొక్కడే మంచోడు సార్."

ఆపి మల్ల ఆన్ చెయ్యమన్న. నడిచింది. నాలుగు రోజులకు మల్ల ఆగింది. ఈసారి పదకొండు కాడ.

టోకెన్ నంబర్లు గీసే ప్రోగ్రాం రాసేది మా ఆఫీసుల ఇంకో అమ్మాయి, వరంగల్ దిక్కు నుంచి వచ్చింది. నెమ్మదిగ మాట్లాడ్తది, గని మాట మీద నిలబడ్తది. మెమరీ నిండిపోతున్నదని లాగ్, అంటే కంప్యూటర్ తన పనులు తనే రాసుకునే చిట్టా, చూడంగనే తెలిసింది. ఎవరు నింపుతున్నరనేదే లొల్లి. నేనైతే ఒక్క నిమిషం కూడ ఆలోచన చెయ్యలే. డ్రైవర్ నాది, నా డ్రైవర్‌ల తప్పుండదు. మీటింగ్‌ల లేచి నిలబడి, స్లైడ్ల మీద ఎర్ర బాణాలు పెట్టి మరీ చూపించిన. బాణాలన్నీ ఆమె ప్రోగ్రాం దిక్కే.

"అన్నా, నేను తీసుకున్న ప్రతి బొమ్మ తిరిగి ఇస్తున్న. లాగ్‌ల ఉన్నది," అన్నది ఆమె.

"లాగ్‌ల ఏమన్న ఉంటది మేడమ్. బొమ్మలు గీసేది మీరే కద, నేను కాదు కద?" అన్న.

అందరు నవ్విండ్రు. ఆమె నవ్వలే. రెండు వారాలు తన కోడ్ తనే లైన్ వెంబడి లైన్ చదువుకున్నది. ఏం దొరకలే. ఆ రెండు వారాల్ల నేను మేనేజర్ కాడ "పాపం, కొత్తది కద, నేర్చుకుంటది" అని రెండుసార్లు అన్న. ఆమె చేరి అప్పటికి నాలుగేండ్లు.

నేను వారంల రెండు రోజులే ఆఫీసుకు పోత, మిగిలిన రోజులు ఇంటికాడి నుంచే పని. మా ఇంటి ముంగటి రూముల బాపు పాలు, పెరుగు అమ్ముతడు. నడిమి రూముల అమ్మ మోటర్ పెట్టి సల్ల చిలుకుతది. వెనక రూముల గోడ పక్కన నా టేబులు. దవఖాన బోర్డు లాంటిదే ఒకటి, దానికో స్క్రీన్ తెచ్చి ఆ టేబుల్ మీద రాత్రింబగళ్లు నడిపిన. ఆఫీసుల ఎన్నడూ ఆగని బోర్డు మా ఇంట్ల మూడు నాలుగు రోజులకోసారి ఆగుడు మొదలుపెట్టింది. ఆగినప్పుడల్లా ఫోటో తీసి ఆమెకు పంపేటోన్ని. కింద దండం బొమ్మ ఒకటి. ఇప్పుడు తల్సుకుంటే ఆ దండం బొమ్మకే ఎక్కువ సిగ్గైతది.

ఒక పొద్దుగాల స్నానానికి పోతే నల్లాల నీళ్లు బందైనయి. తువ్వాల కట్టుకొని వెనక రూములకు వచ్చేసరికి ఆ బోర్డు స్క్రీన్ మిణుకు మిణుకుమంటున్నది. పోయింది, వచ్చింది, మల్ల పోయింది. కింద అమ్మ వంగి, నడిమి రూముల కెల్లి వైరు గుంజి, నా ఎక్స్‌టెన్షన్ బాక్సుల తన మోటర్ ప్లగ్గు కుక్కుతున్నది.

"అమ్మా! ఏం చేస్తున్నవ్?"

"ఏందిరా గట్ల ఒర్లుతవ్? మోటర్ పెడుతున్న."

"రోజూ ఇందుల్నే పెడుతున్నవా?"

"మల్ల యాడ పెట్టాలె? నడిమి రూముల కరెంటు బోర్డు ఖరాబై నెల దాటింది. నీకు చెప్పిన. చెవులల్ల గవి పెట్టుకొని ఊఁ అన్నవ్."

"నా స్క్రీన్ బందైతది కదనే!"

"బందైతది, మల్ల వస్తది. బాక్సు లూజున్నది, రెండు మూడు సార్లు మిణుకుమని నిలబడ్తది. నువ్వు స్నానం చేసి వచ్చేవరకు అంత సాఫ్ ఉంటది. నీ స్క్రీన్ కోసం జనం సల్ల తాగుడు బంద్ చేస్తరా?"

తువ్వాల మీదనే కుర్చీల కూసున్న. ఆఫీసుల నేను స్క్రీన్ కేబుల్ వంద సార్లు పీకి చూసిన. గని నీటుగ పీకి, ఆగి, నీటుగ పెట్టిన. ఇక్కడ కథ వేరే. స్క్రీన్ వచ్చిందని డ్రైవర్ పని మొదలువెడ్తది, ఆ పని సగంల ఉండంగనే స్క్రీన్ మాయమైతది. దవఖానల కూడ ఇదే అయ్యుంటది. ఇక్కడి లెక్కనే అక్కడ కూడ బోర్డుకు బ్యాటరీ ఉన్నది, టీవీకి లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టీవీ మిణుకుమంటది.

డ్రైవర్ ఎన్ని బొమ్మల జాగ పట్టుకొని ఉన్నదో చూపించే లాగ్ తెరిచిన.

"అమ్మా, ప్లగ్గు ఒకసారి తీసి పెట్టు."

పెట్టింది. ఏడు ఉన్నది ఎనిమిదైంది.

"ఇంకోసారి."

తొమ్మిది.

"ఇంకోసారి అమ్మా."

"దిమాక్ ఖరాబైందారా నీకు? ఊకె ఆపితే వెన్న పడదు. ముంగట బాపు సల్ల కోసం మొత్తుకుంటుండు."

అయినా ఇంకో రెండుసార్లు పెట్టింది. పది. పదకొండు. వరంగల్ అమ్మాయి ప్రోగ్రాం అప్పుడు నడుస్తనే లేదు. లాగ్ తెరిచే ముందే నేను బంద్ చేసి పెట్టిన. పెరిగేదంత నా డ్రైవర్‌లనే.

కోడ్ తెరిస్తే పది నిమిషాల్ల దొరికింది. డ్రైవర్ ముందుగాల బొమ్మను పట్టుకుంటది, తర్వాత స్క్రీన్‌ను "ఉన్నవా?" అని అడుగుతది. జవాబు రాకపోతే అక్కడికక్కడే వాపస్ వచ్చేస్తది. చేతుల బొమ్మ అట్లనే ఉంటది, కింద పెట్టదు. ఆ లైన్ మీద ఇంగ్లిష్‌ల ఒక మాట రాసి ఉన్నది, ఈ లోపల స్క్రీన్ పోవుడనేది జరగదు అని. ఎవడీ మొనగాడని రాసినోని పేరు చూసిన. నేనే. మూడేండ్ల కింద.

అబద్ధం ఎందుకు, ముందుగాల అనిపించింది చప్పుడు చెయ్యకుంట దిద్దేద్దామనే. వదిలెయ్యమని ఒక్క లైన్ కలిపిన. మార్పు వివరం కాడ "చిన్న సవరణ" అని రాసిన. బటన్ నొక్కితే అయిపోతుండె. ఎవ్వనికీ తెల్వకపోతుండె. ఆమె ఇంకో నెల తన కోడ్ తనే చదువుకుంటుండె. ఎర్ర బాణాలు యాదికొచ్చినయి. నా మీద నాకే కంపరమైంది. ఆమెకు ఫోన్ చేసిన.

"మేడమ్, తప్పు నాది. డ్రైవర్‌ల దొరికింది."

ఏ లైన్‌ల అని అడిగి రాసుకున్నది.

"అన్నా, నాది తప్పని యాడ చెప్పినవ్?"

"మీటింగ్‌ల."

"ఇది కూడ అక్కడ్నే చెప్పు."

చెప్పిన. అవే స్లైడ్లు పెట్టి, బాణాలన్నీ నా దిక్కు తిప్పిన. ఎవడన్న నవ్వితే బాగుండనిపించింది, ఒక్కడు నవ్వలే. చివరికి ఆమె చెయ్యి లేపింది.

"బొమ్మ వదిలిపెట్టినవ్, సరే. స్క్రీన్ ఆన్‌ల ఉన్నదని నీ డ్రైవర్ ఒక గుర్తు రాసుకుంటది కద? మధ్యల వాపస్ వస్తే ఆ గుర్తు ఎవరు చెరుపుతరు?"

ఎవ్వరూ చెరుపరు. నేను చూడనే లేదు. మెమరీ ఒక్కటి వాపస్ ఇస్తే సరిపోదు, సగం దాకా చేసిన ప్రతి పని వెనక్కి తియ్యాలె. లేకుంటే లేని స్క్రీన్ ఉన్నదనుకొని డ్రైవర్ అట్లనే కూసుంటది. నా గంట క్లాసుల ఈ ముచ్చటే లేకుండె.

మిణుకుమనే బాక్సు మా ఇంట్లనే ఉన్నది కాబట్టి మరుసటి రోజు ఆమె జహనుమాకే వచ్చింది. నా టేబుల్ కాడ కూసొని ఇద్దరం దిద్దినం. పట్టుకున్నది ఏ వరుసల పట్టుకుంటమో, దానికి ఉల్టా వరుసల వదలాలె. నేను రాస్తుంటే ఆమె పక్కకెల్లి ఒక్కొక్కటి చదివి ఒప్పుకుంటుండె, లేకుంటే తల అడ్డంగ ఊపుతుండె. ఎక్కువ అడ్డంగనే ఊపింది. పరీక్ష పని అమ్మది. వెన్న తీసుడు అయినంక వట్టి మోటర్ ప్లగ్గు తీసి పెట్టుకుంట కూసున్నది, తియ్యి అంటే తీసుకుంట, పెట్టు అంటే పెట్టుకుంట. నలభై సార్లైనంక నంబర్ కదలలే. స్క్రీన్ పోయి వచ్చినప్పుడల్లా కొత్త బొమ్మే వచ్చింది.

"అయిపోయిందా?" అన్నది అమ్మ.

"అయింది పెద్దమ్మా," అన్నది ఆమె.

"ఇంతకు తప్పెవరిది బిడ్డా?"

ఆమె నా దిక్కు చూసింది. "నాదేనే," అన్న.

"నాకెర్కే," అని అమ్మ నడుం పట్టుకొని లేచి పోయింది.

మార్పు వివరం ఆమె దగ్గర కూసొని రాయించింది. తప్పు ఎట్లైంది, ఎవరు రాసిండ్రు, ఎన్ని దినాలు ఎవరి మీద వేసిండ్రు. ఆఖరి ముక్క తీసేద్దామన్న. వద్దన్నది. ఉంచిన.

నెల తర్వాత టెక్నీషియన్‌కు నేనే ఫోన్ చేసిన. స్క్రీన్ ఒక్కసారి కూడ ఆగలేదన్నడు. ఇప్పుడు డాక్టరే లేటుగ వస్తుండట, దానికి నా దగ్గర మందు లేదన్న.

ఆ తర్వాత నా కోడ్ ఏది కలపాలన్నా ముందు ఆమె చూడాలె. ఆ రూల్ మేనేజర్ పెట్టింది కాదు, నేనే అడిగి పెట్టించుకున్న. అప్పుడప్పుడు ఎందుకు అడిగిన్నో అనిపిస్తది. పోయిన వారం ఒకటి వాపస్ పంపింది. రెండు చోట్ల వదిలిపెట్టుడు మర్చిపోయినవని రాసింది. ఒక్కటే ఉంటది, ఆమెకు అన్నీ ఎక్కువ కనపడ్తయి అని గొణుక్కుంట తెరిచి చూసిన. మూడున్నయి. మూడోది ఆమెకు చెప్పి దిద్దిన.