మడ మొక్కలకు మట్టి ఎగదోసిన వాణ్ణి

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే సిగ్గేస్తుంది. పర్చూరు దగ్గర మిరప రైతు కొడుకుని, పైగా వ్యవసాయ డిప్లొమా (అత్తెసరు మార్కులే అనుకోండి). కొత్తపట్నం వైపు సముద్రపు పాయ ఒడ్డున, బురద నేలలో మడ మొక్కలు పెంచే పనికి నన్ను సూపర్‌వైజర్‌గా వేస్తే, ఏ మొక్కైనా మొక్కేగా అనుకుని కొత్త చెప్పులేసుకుని వెళ్ళాను.

ఆ మొక్కలు పీతలు పట్టి అమ్ముకునే ఒక పెద్దావిడ ఇచ్చినవి. ఊరంతా ఆమెను పీతలత్త అనేవారు. పాత మడ చెట్లు నరికేశాక దగ్గర్లో పీతలు దొరక్క, నొప్పి మోకాళ్ళతో మైలు దూరం బురదలో నడిచేది. అందుకే మడ కాయలు ఏరి తెచ్చి, ఇంటి వెనక సంచుల్లో మొలిపించి మాకిచ్చింది. నేను వెళ్ళేసరికి, బురదలో నాటేసిన ఆ పిల్ల మొక్కలు గాలికి ఊగుతున్నాయి. మిరప మొక్క అలా ఊగితే మావాళ్ళు మొదలుకు మట్టి ఎగదోస్తారు. నేనూ పార పట్టాను, నలుగురు కూలీలను పురమాయించాను.

"పూడ్చబాక అబ్బాయ్, అది మొదలు కాడే గాలి పీల్చుకుంటది," అంది పీతలత్త.

"నువ్వు పీతల సంగతి చూసుకో అత్తా, మొక్కల సంగతి నాకొదిలెయ్," అన్నాను. (ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.)

సాయంత్రానికి ఒక్క వరస మిగిలింది. అటు వెళ్తుంటే నా కుడికాలి చెప్పును బురద మింగేసింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతుంటే కూలీలు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. ఈలోగా సముద్రం పోటు వచ్చి పాయలో నీళ్ళు పెరిగాయి. ఆ వరస వదిలేసి ఒంటి చెప్పుతో ఒడ్డెక్కాను, ఆ ఒక్క వరస కోసం మళ్ళీ బురదలోకి దిగలేదు.

తర్వాత ప్రతి పోటుకీ నా మట్టి కుప్పల మధ్య నీళ్ళు నెమ్మదించి ఒండ్రు పేరుకుంది. మా పొలాల్లో ఒండ్రంటే పండగే, కాబట్టి నేనూ సంబరపడ్డాను. నెల తిరిగేసరికి ఆకులు పసుపెక్కి రాలాయి. లాగి చూస్తే మొదళ్ళు నల్లగా కుళ్ళి ఉన్నాయి. పీతలత్త రెండు చేతులతో ఒండ్రు తోడుతూ కూర్చుంది. నేనూ పక్కన కూర్చుని తోడాను. ఒక్కటీ తేరుకోలేదు.

నా పార తగలని ఆ చివరి వరసే బతికింది, ఇప్పుడు నా ఎత్తు దాటింది. మొన్న చూడ్డానికి వెళ్తే పీతలత్త ఆ చెట్లకేసి చూస్తూ, "ఆ చెప్పేదో పొద్దున్నే పోగొట్టుకోకపోయావా అబ్బాయ్," అంది. ఇద్దరం నవ్వాం. నవ్వాక ఆవిడ మోకాలు పట్టుకుని లేచి, బుట్ట తలకెత్తుకుని, పీతలున్న చోటికి మైలు దూరం నడవడానికి బయల్దేరింది.