నర్సయ్య సార్ పెట్టించిన లోచో

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగం కోసేసి చదువుకోండి. ఈ ఉదయం మా ఊళ్లోని అమ్రోలి పేటలో లోచో బండివాడు గిన్నె మూత తీశాడు. ఉడికిన శనగపిండి ఆవిరి తాపీ నది దాటి సూరత్ మొత్తాన్నీ కప్పేసింది. అందరికీ నోరూరింది, నేను మాత్రం బండికి దూరంగా రోడ్డు అవతలికి దాటాను.

మునిసిపల్ నీటి ఆఫీసులో నర్సయ్య సార్ మా పైఅధికారి. మా నాన్నలాగే ఆయన తండ్రీ మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చినవాడే. ఏటా మా పనికి గ్రేడు రాయడం ఆయన వంతు. మిగతా ఆఫీసుల్లో ఆ గ్రేడు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పరు. సార్ మాత్రం ఎవరికి తక్కువ గ్రేడు రాస్తే వాణ్ని లోచో తినడానికి తీసుకెళ్లి, కారణం తానే చెప్పేవారు. ఒకసారి మా ఆఫీసు భరత్‌భాయ్ భయంతో కుర్చీ వదలకపోతే, కుర్చీతో సహా తీసుకెళ్లారు.

నాది ఫిర్యాదుల కౌంటర్. అరుచుకుంటూ వచ్చినవాళ్లు నా జోకులకు పడీ పడీ నవ్వుతూ వెళ్లేవారు. ఆ ఏడాది నాకు ప్రమోషన్ ఖాయమని మా ఆవిడ మేముండే ఖటోదరా పేట అంతా చాటేసింది. అప్పుడొచ్చి అన్నారు సార్, "శీనూ, లోచో తిందాం పా."

ఫ్యాను ఆగింది. గోడ గడియారం వెనక్కి తిరిగింది. ప్లేటు సగమయ్యాక, 'సాధారణం' అని రాశానని చెప్పారు. నా మీద ఒక్కరైనా ఫిర్యాదు చేశారా అని అడిగాను.

"చెయ్యలే. గదే కదరా. నువ్వు నవ్విస్తవ్, వాళ్లు నవ్వుకుంట ఇంటికి పోతరు. నల్లల నీళ్లు మాత్రం రావు."

నేను నమ్మలేదు. స్కూటర్ మీద మన తెలుగువాళ్లుండే ఒక గల్లీకి తీసుకెళ్లారు. ఒక ముసలమ్మ నన్ను గుర్తుపట్టి, నా జోకు కోడలికి చెప్పి మళ్లీ నవ్వింది. పక్కన బకెట్ ఖాళీగా ఉంది. నీళ్లొస్తున్నాయా అని అడిగాను.

"యాడ బిడ్డా. అయినా మస్తు నవ్వించినవ్ పో."

నా సర్వీసులో అంత మెచ్చుకున్నవాళ్లు లేరు, అంత గట్టిగా కొట్టినవాళ్లూ లేరు. లైన్‌మన్‌ను పట్టుకొచ్చి సాయంత్రానికల్లా పైపు బాగు చేయించాను. బకెట్లో పడ్డ ధార తాపీ వరదలా హోరెత్తింది. సార్ అక్కడే 'సాధారణం' కొట్టేసి 'చాలా బాగు' అని రాశారు.

నేను కల్పించింది ఈ చివరి వాక్యమే. కుర్చీ సంగతి కూడా నిజం. సార్ గ్రేడు మార్చలేదు, ప్రమోషన్ రాలేదు. అంతకుముందు ఏటేటా 'చాలా బాగు' తెచ్చుకుంటూ ఈసురోమని ఆఫీసుకు వెళ్లేవాణ్ని. ఇష్టంగా వెళ్లడం ఆ 'సాధారణం' తర్వాతే మొదలైంది. సార్ రిటైరయ్యారు. ఇప్పటికీ కౌంటర్ దగ్గర ఎవరైనా నవ్వితే నేను కుర్చీలోంచి లేస్తాను. వెళ్లబోతుంటే ఆపి అడుగుతాను, "ఇంతకీ, నల్లా వస్తుందా?"